సెంటర్‌కీ ఇంటికీ మధ్య ఇంకో ఇల్లు

మన ఇళ్ళల్లో 'సెంటర్' అనే మాటకి ఈమధ్య ఇంకో అర్థం వచ్చింది. మా చిన్నప్పుడు సెంటర్ అంటే నాలుగు రోడ్లు కలిసే చోటు. తర్వాత ట్యూషన్ సెంటర్లు, జిరాక్స్ సెంటర్లు వచ్చాయి. ఇప్పుడు "వాళ్ళాయన్ని సెంటర్లో పెట్టారట" అని ఎవరైనా గొంతు తగ్గించి చెప్పారంటే, తాగుడు మాన్పించే చోట చేర్చారని అర్థం. గొంతు తగ్గించేది ఆ ఇంటి పరువు కోసమే. కానీ ఆ గుసగుసల్లో అసలు అడగాల్సిన ప్రశ్నలు కూడా మునిగిపోతున్నాయి. ఏ సెంటరు? అక్కడ డాక్టరు ఉన్నాడా? ఎన్నాళ్ళు ఉంచుతారు? బయటికొచ్చాక ఆయన ఎక్కడ ఉంటాడు?

ఈ చివరి ప్రశ్న కోసమే ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తాగుడుకి చికిత్స చేసే చోటు వేరు. మానేసినవాడు మందు లేకుండా బతకడం అలవాటు చేసుకునే ఇల్లు వేరు. మనకి మొదటిది ఎంతో కొంత ఉంది. రెండోది దాదాపు లేదు. ఆ రెండోదాని పనంతా ఇంటి ఇల్లాలి నెత్తిన వేసి, అది కుదరకపోతే తప్పు కూడా ఆమెదే అంటున్నాం.

మనకి బాగా తెలిసిన విషయంతో పోల్చి చెప్తాను. కాన్పు ఆసుపత్రిలో అవుతుంది. డాక్టరు, నర్సు, మందులు, సెలైను అన్నీ అక్కడ కావాలి. కొద్దిరోజుల్లో పంపించేస్తారు. అంతమాత్రాన మర్నాడే బిందె ఎత్తమని బాలింతతో ఎవరైనా అంటారా? పుట్టింట్లో ఉంచుకుంటాం. పథ్యం పెడతాం, చెవుల్లో దూది పెడతాం, చల్లగాలి తగలనివ్వం. మూడో నెలో ఐదో నెలో వచ్చాక సారె పెట్టి అత్తారింటికి పంపుతాం. పుట్టిల్లు ఆసుపత్రి పని చెయ్యలేదు, ఆసుపత్రి పుట్టింటి పని చెయ్యలేదు. రెండూ కావాలని మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. తాగుడు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆసుపత్రి గుమ్మం దిగినవాణ్ణి దిగినట్టే తెచ్చి బెల్టు షాపున్న వీధిలో దింపేస్తాం.

ముందు చికిత్స సంగతి చూద్దాం. ఏళ్ళ తరబడి రోజూ తాగిన ఒళ్ళు మందు లేకుండా ఉండలేని స్థితికి వస్తుంది. ఉన్నట్టుండి ఆపేస్తే కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా కొందరికి లేనివి కనపడతాయి, ఎక్కడున్నారో తెలియదు, జ్వరం, గుండెదడ. సరైన వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. "నాలుగు రోజులు గదిలో పెట్టి తాళం వేస్తే వాడే దిగొస్తాడు" అనే మాట అందుకే ప్రమాదం. తెలంగాణలో కల్తీ కల్లు సంగతి మీకు తెలిసే ఉంటుంది. అందులో ఆల్‌ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. అది దొరకని రోజున జనం పిచ్చిపట్టినట్టు ప్రవర్తిస్తుంటే ఎర్రగడ్డ ఆసుపత్రికి పరుగెత్తించిన సందర్భాలు ఉన్నాయి. అలవాటు పడిన ఒంటికి ఆపడం కూడా ఒక జబ్బే. అది డాక్టరు చూడాల్సిన జబ్బు. ఫిట్స్ రాకుండా మందులిస్తారు, తాగుడు వల్ల తగ్గిపోయిన బి1 విటమిన్ ఎక్కిస్తారు.

ఆ గండం గడిచాక కౌన్సెలింగ్ ఉంటుంది. ఏ వేళకి తాగాలనిపిస్తుంది, ఎవరు పిలిస్తే కాళ్ళు అటు వెళ్తాయి, జీతం రోజు ఏం చెయ్యాలి, ఇలాంటివన్నీ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. కోరిక తగ్గించే మందులు కొన్ని ఉన్నాయి. తాగితే వాంతులు, దడ, ముఖం ఎర్రబడటం వచ్చేలా చేసే డైసల్ఫిరామ్ బిళ్ళ కూడా ఉంది. "ఆయనకి తెలియకుండా కూరలో కలిపి పెట్టండి" అని మనకి ఎవరో ఒకరు సలహా ఇస్తారు చూడండి, దయచేసి వినకండి. తెలియక తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అది ఆయన ఒప్పుకుని, డాక్టరు రాస్తేనే వేసుకోవాల్సిన మందు.

ఈ చికిత్సని మన వైపు పద్ధతిగా నిలబెట్టినవాళ్ళలో ఒక ఆడమనిషి ఉంది. తాగుడుకి భర్తని పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో ఒక సంస్థ మొదలుపెట్టారు. టీటీకే హాస్పిటల్ అని అందరూ పిలిచేది దాన్నే. 1992లో ఆమెకి పద్మశ్రీ వచ్చింది. తాగేవాడితో పాటు ఇంటివాళ్ళకి కూడా చికిత్సలో భాగం ఉండాలని ఆ సంస్థ మొదటినుంచీ నమ్మింది. తన దుఃఖం తనకుండగా ఇంకొకరి ఇల్లు నిలబెట్టాలనుకోవడం చిన్న సంగతి కాదు.

ఇక రెండో ఇల్లు. ఇది ఎలా ఉంటుందో చెప్పాలంటే అమెరికా దాకా వెళ్ళక తప్పదు. దీనికి బాగా తెలిసిన నమూనా అక్కడే పుట్టింది. 1975లో మేరీలాండ్ రాష్ట్రం సిల్వర్ స్ప్రింగ్‌లో ఒక హాఫ్‌వే హౌస్ ఉండేది. చికిత్స అయినవాళ్ళు కొన్నాళ్ళు తలదాచుకునే చోటు. దాన్ని మూసేస్తామన్నారు. అందులో ఉన్న మగవాళ్ళకి వెళ్ళడానికి చోటు లేదు. వాళ్ళలో పాల్ మల్లాయ్ అనే ఆయన, మిగతావాళ్ళు కలిసి ఆ ఇంటిని తామే అద్దెకి తీసుకుని నడుపుకున్నారు. దానికి ఆక్స్‌ఫర్డ్ హౌస్ అని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ పేరుతో వేల ఇళ్ళున్నాయి. ఆడవాళ్ళకి, పిల్లలున్న తల్లులకి కూడా వేరే ఇళ్ళున్నాయి.

ఆ ఇళ్ళ పద్ధతి చాలా సులువు. మామూలు వీధిలో మామూలు అద్దె ఇల్లు. బోర్డు ఉండదు. డాక్టరు ఉండడు, వార్డెన్ ఉండడు, జీతానికి పనిచేసేవాళ్ళు ఎవరూ ఉండరు. ఉన్నవాళ్ళంతా మానేసినవాళ్ళే. అద్దె, కరెంటు బిల్లు అందరూ పంచుకోవాలి. ఇంటి లెక్కలు చూసేవాణ్ణి, పనులు పంచేవాణ్ణి వాళ్ళే ఓటేసి ఎన్నుకుంటారు, కొన్నాళ్ళకి మారుస్తారు. కొత్తవాణ్ణి రానివ్వాలా వద్దా అనేది కూడా ఓటుతోనే. మళ్ళీ తాగినవాడు మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యాలి, అందులో మినహాయింపు లేదు. అద్దె కడుతూ, తాగకుండా ఉన్నన్నాళ్ళు ఎంతకాలమైనా ఉండొచ్చు. పొద్దున్నే లేచి పనికి వెళ్ళాలి, సాయంత్రం వచ్చి తన వంతు గిన్నెలు తోమాలి. చికిత్స చేసే చోట మనిషి రోగి. ఇక్కడ మాత్రం అద్దె కట్టే మనిషి. నా దృష్టిలో ఈ రెంటికీ అసలు తేడా ఇదే.

"గిన్నెలు తోమితే తాగుడు పోతుందా?" అంటారేమో. దీన్ని పరీక్షించి చూసినవాళ్ళున్నారు. ఇల్లినాయ్‌లో చికిత్స ముగించుకుని వచ్చిన 150 మందిని చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుని ఈ ఇళ్ళకి పంపారు, రెండో గుంపుకి మామూలుగా ఇచ్చే సలహాలిచ్చి పంపారు. రెండేళ్ళ తర్వాత చూస్తే, మామూలుగా వెళ్ళినవాళ్ళలో 64.8 శాతం మంది మళ్ళీ మందో మత్తో వాడుతున్నారు. ఆ ఇళ్ళకి వెళ్ళినవాళ్ళలో 31.3 శాతం. సంపాదన కూడా రెండో గుంపు కంటే రెట్టింపు పైనే. 2006లో అచ్చయిన ఈ అధ్యయనాన్ని చేసింది లియొనార్డ్ జేసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు. గమనించండి, రెండు గుంపులూ చికిత్స పొందినవాళ్ళే. తేడా తెచ్చింది ఆ తర్వాత ఉన్న ఇల్లు.

అలాగని అమెరికాలో అంతా బంగారమని కాదు. 2023లో అరిజోనా రాష్ట్రంలో పెద్ద మోసం బయటపడింది. కోలుకునే ఇళ్ళ పేరు చెప్పి అక్కడి ఆదివాసుల్ని వ్యాన్లలో తీసుకెళ్ళి, ఇవ్వని చికిత్సకి ప్రభుత్వం దగ్గర బిల్లులు పెట్టి డబ్బు లాగారు. చికిత్సకీ ఇంటికీ తేడా జనానికి తెలియనిచోట ఒకదాని పేరుతో ఇంకోటి అమ్మడం సులువు. మన దగ్గర అదే మోసం తిరగేసి జరుగుతోంది. ఉండటానికి చోటు మాత్రమే ఉన్నవాళ్ళు చికిత్స చేస్తున్నామని చెప్పి డబ్బు తీసుకుంటున్నారు.

మా పిన్ని కూతురి ఇంట్లో జరిగింది అదే. మరిది ఎలక్ట్రీషియన్, పనిమంతుడు. తాగుడు ముదిరాక ఊరి శివార్లలో ఒక సెంటర్లో మూడు నెలలు ఉంచారు. నెలకింత అని కట్టడానికి చెల్లెలి నల్లపూసల గొలుసు తాకట్టులోకి వెళ్ళింది. ఆ మూడు నెలల్లో డాక్టరు ఆయన్ని చూసింది లేదు. మొదటి నెల ఫోను ఇవ్వలేదు. పొద్దున ప్రార్థన, ఎండలో పని, తిరగబడితే దెబ్బలు. బయటికి పంపేటప్పుడు మాత్రం "పూర్తిగా నయమైపోయింది" అన్నారు. పదకొండో రోజు పని అయ్యాక మేస్త్రీతో కలిసి వైన్ షాపులోకి వెళ్ళాడు. "మూడు నెలలు బాగున్నవాడు నీ దగ్గరికి రాగానే ఎందుకు తాగాడు?" అని అత్తగారు అడిగారు. ఆ ప్రశ్న మీరూ ఎక్కడో విని ఉంటారు.

తాళం వేసిన చోట తాగకపోవడం మానెయ్యడం కాదు, దొరకకపోవడం. అంతకుమించి ఆ మూడు నెలల్లో జరిగిందేమీ లేదు. ఆయనకి చికిత్సా అందలేదు, మందు లేకుండా బతకడమూ అలవాటు కాలేదు. ఆ రెండు పనులూ కలిపి చెల్లెలు ఒక్కతే చెయ్యాల్సి వచ్చింది. జేబులు వెతకడం, నోరు వాసన చూడటం, జీతం రోజు వీధి చివర నిలబడటం, బావమరుదుల పెళ్ళికి వెళ్ళాలా వద్దా అని లెక్కలు వేసుకోవడం. భార్య కాస్తా వార్డెన్ అయింది. ఏ కాపురమైనా అలా ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఆ వీధి కోలుకునే ఇళ్ళల్లో వార్డెన్ లేకపోవడంలోనే కిటుకు ఉంది. పక్క మంచంమీద వాడికి అబద్ధం చెప్పలేడు, ఎందుకంటే వాడు కూడా అవే అబద్ధాలు ఆడి వచ్చినవాడు. భార్య ఎంత మంచిదైనా, ఎంత గట్టిదైనా ఆ తోటివాడు కాలేదు.

రెండోసారి మరిదిని ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించారు. పది రోజులు అక్కడే ఉన్నాడు, మందులతో ఇంటికి పంపారు. ఆ డాక్టరమ్మ ఏఏ మీటింగుకి వెళ్ళమంది. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, మానేసినవాళ్ళు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే సంఘం. 1935లో అమెరికాలో మొదలై 1957 నుంచి మన దేశంలో ఉంది. ఫీజు లేదు. అక్కడ పరిచయమైన ఇద్దరు ఒక గది తీసుకుని ఉంటున్నారు. మూడో మంచం ఖాళీగా ఉందన్నారు. మరిది ఎనిమిది నెలలు అక్కడే ఉన్నాడు. అద్దె మూడు వాటాలు, వంట వంతులు. తాగినవాడు ఆ రాత్రే సామాను తీసుకెళ్ళాలని ముగ్గురూ కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకున్నారు. శనివారం కూలి నేరుగా చెల్లెలికి చేరేది, ఆదివారం ఇంటికొచ్చి పిల్లలతో గడిపి వెళ్ళేవాడు. ఆక్స్‌ఫర్డ్ హౌస్ పేరు వాళ్ళు విననైనా లేదు. అవసరం వాళ్ళకీ అదే దారి చూపించింది.

ఊళ్ళోనే ఉండి మొగుడు వేరే గదిలో ఉంటే జనం ఊరుకుంటారా? "విడిపోయారట" అన్నారు. "ఆమే వెళ్ళగొట్టింది" అన్నారు. పిన్ని కూడా ముందు ఒప్పుకోలేదు, ఇల్లుండగా ఇంకో ఇల్లేమిటని. నా మాట మాత్రం ఒక్కటే. భర్త దుబాయ్ వెళ్ళి రెండేళ్ళు ఉంటే కాపురం చెడిందని ఎవరూ అనరు. కొడుకు హాస్టల్లో ఉంటే తల్లి వదిలేసిందని అనరు. డబ్బు కోసం, చదువు కోసం దూరం ఉండొచ్చు గానీ ప్రాణం కోసం ఉండకూడదా? ఇప్పుడు మరిది ఇంట్లోనే ఉంటున్నాడు. ఇకముందు కూడా ఇలాగే ఉంటాడని నేను రాసివ్వలేను. కానీ చెల్లెలు రాత్రిళ్ళు నిద్రపోతోంది.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసి 2019లో బయటపెట్టిన సర్వే ప్రకారం దేశంలో 5.7 కోట్ల మందికి తాగుడు విషయంలో సాయం కావాలి. తాగుడుకి పూర్తిగా లొంగిపోయినవాళ్ళలో ఏదో ఒక చికిత్స అందుతున్నది 38 మందిలో ఒకరికి. ఆసుపత్రిలో ఉండి చికిత్స పొందేది 180 మందిలో ఒకరు. చికిత్సకే ఇంత కరువుంటే తర్వాతి ఇంటి గురించి అడిగేదెవరు అనిపిస్తుంది. కానీ ఆ ఒక్కడికైనా అందిన చికిత్స బెల్టు షాపు ముందు కరిగిపోతుంటే, పెట్టిన డబ్బూ కష్టమూ ఏమవుతున్నట్టు?

చట్టం మన వైపే ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడు, మత్తు వల్ల వచ్చే మానసిక సమస్యల్ని కూడా తన కిందికి తెచ్చింది. రోగుల్ని ఉంచుకుని చికిత్స చేసే చోటు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్టరు అవ్వాలి. గొలుసులతో కట్టడం నిషేధం. తనంతట తాను చేరిన మనిషి వెళ్తానంటే మామూలుగా పంపాల్సిందే. ఒప్పుకోని మనిషిని ఇంటివాళ్ళ కోరిక మీద చేర్చుకోవాలంటే వైద్య నిపుణులు పరీక్షించాలి, అది కూడా మొదట 30 రోజుల వరకే. ఆపైన ఉంచాలంటే మళ్ళీ పరీక్షలు, బోర్డు పరిశీలన ఉన్నాయి. ప్రభుత్వం హాఫ్‌వే హోములు ఏర్పాటు చెయ్యాలని కూడా అదే చట్టంలో ఉంది. అడగడానికి మనకి హక్కుంది.

కాబట్టి డబ్బు కట్టే ముందు మీరు కొంటున్నది రెంటిలో ఏదో తెలుసుకోండి. చికిత్స అంటే ఇవి అడగండి: రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తారా? సైకియాట్రిస్టు వారానికి ఎన్నిసార్లు వస్తారు? రాత్రి ఫిట్స్ వస్తే ఎవరున్నారు? నేను ఫోన్ చేస్తే ఆయనతో మాట్లాడనిస్తారా? పంపేటప్పుడు మందుల చీటీ, తర్వాత చూపించుకోవాల్సిన తేదీ రాసిస్తారా? ఉండే చోటు అంటే వేరే ప్రశ్నలు: ఎవరి పేరున అద్దె? పనికి వెళ్ళనిస్తారా? మళ్ళీ తాగితే ఏం చేస్తారు? ఎంతమంది ఎంతకాలంగా మానేసి ఉన్నారు? ఇంకా వణుకుతున్న మనిషిని ఉండే చోటికి తీసుకెళ్ళకండి, ముందు ఆసుపత్రే. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే 14446 నంబరుకి ఫోన్ చెయ్యండి. మత్తు మానాలనుకునేవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు అది. మీ మనసు బాగోకపోయినా 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

"అందరికీ వేరే ఇల్లు ఎక్కడినుంచి తెస్తాం?" అనే ప్రశ్న న్యాయమైనదే. అమెరికాలో 1988లో వచ్చిన చట్టంలో, ఇలాంటి ఇంటికి అడ్వాన్సు కట్టుకోవడానికి 4,000 డాలర్ల దాకా అప్పు ఇచ్చే ఏర్పాటు పెట్టారు. ఒక ఇంటివాళ్ళు నెలనెలా తిరిగి కడితే ఆ డబ్బు ఇంకో ఇంటికి వెళ్తుంది. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇది మన డ్వాక్రా గ్రూపులకి తెలియని విద్యా? పొదుపు, తీర్మానం, వాయిదా, పుస్తకంలో లెక్క, అన్నీ మన ఆడవాళ్ళు ఏళ్ళుగా చేస్తున్నవే. మండలానికి ఒక్క అద్దె ఇల్లు, ఆరు మంచాలు, ఉన్నవాళ్ళే అద్దె కట్టుకునే పద్ధతి. మొదటి అడ్వాన్సు పంచాయతీయో ప్రభుత్వమో అప్పుగా ఇవ్వాలి. మద్యం మీద వచ్చే ఆదాయంలో అది ఏ మూలకి?

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా పాకింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. దుకాణాలు మళ్ళీ తెరుచుకున్నాయి, ఇప్పట్లో మూతపడేలా లేవు. దుకాణం మూయమని అడిగే ధైర్యం ఆనాడు అక్షరం ముక్క నేర్చుకుంటున్న ఆడవాళ్ళకి వచ్చింది. మానేసినవాళ్ళకి ఒక ఇల్లు కావాలని గ్రామసభలో అడగడం దానికంటే కష్టమేమీ కాదు. మీ గ్రూపు మీటింగులో ఈ మాట ఒకసారి ఎత్తి చూడండి, ఈసారి గొంతు తగ్గించకుండా.